లిస్ప్‌లో "అన్‌డిఫైన్డ్ వేరియబుల్" వార్నింగ్ వస్తే సెట్‌క్యూ, డెఫ్‌వార్, డెఫ్‌పరామీటర్... ఏది మేలు?

ఎస్‌బీసీఎల్ (ఒక కామన్ లిస్ప్ కంపైలర్) ప్రాంప్ట్‌లో (సెట్‌క్యూ రేటు 18), అంటే రేటుకి 18 ఇవ్వు, అని కొట్టగానే "అన్‌డిఫైన్డ్ వేరియబుల్" అని వార్నింగ్ పడుతుంది, దాని కిందే 18 అని ఆన్సర్ కూడా వస్తుంది, అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లు పని అయిపోతోంది కదా అని వదిలేస్తుంటారు. దయచేసి వదిలేయకండి. డిక్లేర్ చెయ్యని పేరుకి సెట్‌క్యూ వాడితే ఏం జరగాలో కామన్ లిస్ప్ 1994 ఆన్సీ స్టాండర్డ్ చెప్పనే లేదు, ఎస్‌బీసీఎల్ దాన్ని స్పెషల్ వేరియబుల్ (ప్రోగ్రామ్ అంతటా కనిపించే గ్లోబల్ లాంటిది) అనుకుని నడిపించేస్తోంది అంతే. ఇదే లైన్ క్లిస్ప్ (ఇంకో కామన్ లిస్ప్) ప్రాంప్ట్‌లో కొడితే చప్పుడు లేకుండా పోతుంది ఎందుకంటే అక్కడ ఇంటర్‌ప్రెటర్ (కంపైల్ చెయ్యకుండానే కోడ్ నడిపేది) నడుస్తుంది, ఎస్‌బీసీఎల్ మాత్రం ప్రాంప్ట్‌లో కొట్టినదాన్ని కూడా మామూలుగా కంపైల్ చేసే రన్ చేస్తుంది.

పైగా ఇది స్టైల్ వార్నింగ్ (తేలికపాటి హెచ్చరిక) కాదు, అసలు వార్నింగ్. ఫైల్‌ని కంపైల్-ఫైల్‌తో కంపైల్ చేస్తే అది తిరిగిచ్చే మూడో వాల్యూ ఫెయిల్ అయిందని చెప్తుంది.

కాబట్టి టాప్‌లెవెల్‌లో (ఏ ఫంక్షన్ లోపలా కాకుండా) సెట్‌క్యూ వద్దు. ఫంక్షన్ లోపల ఈ వార్నింగ్ వస్తే ముందు స్పెల్లింగ్ చూడండి, తర్వాత లెట్ (లోకల్ వేరియబుల్ తయారు చేసేది) పెట్టడం మర్చిపోయారేమో చూడండి, చాలాసార్లు అక్కడితోనే తేలిపోతుంది.

నిజంగా గ్లోబల్ కావాలంటేనే మిగతా రెండూ. డెఫ్‌వార్ ఆ పేరుకి అప్పటికే వాల్యూ ఉంటే ముట్టుకోదు, డెఫ్‌పరామీటర్ ప్రతిసారీ కొత్తగా పెట్టేస్తుంది. ఫైల్‌లో డెఫ్‌వార్ పక్కన 18 తీసేసి 12 రాసి మళ్లీ లోడ్ చేసినా లోపల 18 అలాగే ఉంటుంది, ఎందుకు మారట్లేదా అని జుట్టు పీక్కోవాల్సి వస్తుంది. అందుకని రేట్లు, సెట్టింగులు లాంటివాటికి నా ఓటు డెఫ్‌పరామీటర్‌కే. నడుస్తున్న ప్రోగ్రామ్‌లో నింపుకుంటూ వచ్చిన హ్యాష్ టేబుల్, ఓపెన్ చేసి పెట్టుకున్న కనెక్షన్ లాంటివి రీలోడ్‌కి తుడిచిపెట్టుకుపోకూడదు కాబట్టి అక్కడ డెఫ్‌వార్.

రెండిట్లో ఏది వాడినా పేరుకి అటూ ఇటూ స్టార్లు పెట్టాల్సిందే, *రేటు* అన్నట్టు. ఇవి ఆ పేరుని ప్రోగ్రామ్ మొత్తానికి స్పెషల్ చేసేస్తాయి, ఉత్త రేటు అని పెడితే ఆ తర్వాత ఎక్కడ లెట్‌లో రేటు అని రాసినా మీకు తెలియకుండానే అది డైనమిక్ బైండింగ్ అయిపోతుంది, అంటే ఆ లెట్ లోపల పిలిచిన ఫంక్షన్లకి కూడా ఆ వాల్యూనే కనిపిస్తుంది.

ఇంకోటి, డిక్లరేషన్ ఫైల్ పైనే ఉండాలి. ఒక ఫంక్షన్‌లో *రేటు*కి లెట్‌తో 5 ఇచ్చి లోపల బిల్లు ఫంక్షన్‌ని పిలిచారు, దానికి 18 ఇచ్చే డెఫ్‌పరామీటరేమో ఆ ఫంక్షన్ కింద ఎక్కడో ఉంది అనుకోండి. కంపైలర్ అక్కడికొచ్చేసరికి *రేటు* స్పెషల్ అని దానికింకా తెలీదు, మామూలు లోకల్ అనుకుంటుంది, బిల్లుకి 5 చేరదు, అది 18తోనే లెక్క వేస్తుంది. అప్పుడు "*రేటు* డిఫైన్ చేశారు గానీ వాడలేదు" అని ఒక స్టైల్ వార్నింగ్ పడుతుంది, దాన్ని డిక్లేర్ ఇగ్నోర్ (వాడకపోయినా పర్లేదని కంపైలర్‌కి చెప్పేది) పెట్టి నోరు మూయించకండి, డెఫ్‌పరామీటర్‌ని పైకి జరిపి ఫైల్ మళ్లీ కంపైల్ చెయ్యండి.