పోచంపల్లి పట్టుచీర: మగ్గం కాడికే పోయి కొన్నం, ఎనిమిది నెలలు కట్టినంక రాస్తున్న రివ్యూ

ఈ రివ్యూ జనవరిలనే రాద్దామనుకున్న. కానీ చీర కొన్న తెల్లారే రాస్తే ఆ సంబురంల అన్నీ మంచిగనే కనిపిస్తయి, అందుకే ఆగిన. ఇప్పటికి ఎనిమిది నెలలైంది, అమ్మ ఐదుసార్లు కట్టింది, నేను ఒకసారి ఆఫీస్ ఫంక్షన్‌కు కట్టుకపోయిన, ఒకసారి డ్రై వాష్‌కు గూడ ఇచ్చినం, కాబట్టి ఇప్పుడు రాస్తే నలుగురికి పనికొస్తదని రాస్తున్న.

మాది నల్లగొండ. నేను గచ్చిబౌలిల పని చేస్త, మణికొండల పీజీల ఉంట. సోమవారం నుంచి శుక్రవారం దాక పొద్దు ఎప్పుడు పొడిచిందో ఎప్పుడు గూకిందో తెల్వదు, రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా వాళ్లతోని కాల్, అది అయ్యేసరికి పదకొండు, ఇగ శనివారం బట్టలు ఉతుక్కునుడు, నిద్రపోవుడు, ఆదివారం సాయంత్రం మళ్ల ల్యాప్‌టాప్ తెరుసుడు. ఇట్ల ఉన్నప్పుడు ఎవ్వరికి ఏం కొనాలన్నా దారిల కనపడ్డ దుకాణంల అరగంటల పని ముగించుకుంటం. నేను గూడ అదే చేసిన, దాంతోనే ఈ కథ మొదలైంది.

పోయినేడు బతుకమ్మ పండుగకు అమ్మకు పోచంపల్లి చీర పెడదామనుకున్న. ఆఫీస్ నుంచి వస్తుంటే దారిల ఒక పెద్ద షోరూమ్ ఉంటది, పేరు చెప్పను, అండ్ల పోయి పోచంపల్లి పట్టు కావాలె అంటే ఆ సేల్స్ పిల్ల నాలుగు చీరలు పరిచింది, నీలం రంగుది మంచిగుందని 6,200 కట్టి తెచ్చిన. అమ్మ మస్తు మురిసింది. సద్దుల బతుకమ్మ నాడు అదే కట్టుకొని బయటికి వస్తే మా పక్కింటి పెద్దమ్మ కొంగు పట్టి చూసింది. ఆమె తల్లిగారిది చండూరు, చిన్నప్పటి నుంచి మగ్గం చప్పుడుల పెరిగిన మనిషి. కొంగు మలిపి వెనక దిక్కు చూసి మెల్లగ, "ఇది అచ్చేసిన చీర బిడ్డా, నేసింది కాదు" అన్నది. అమ్మ వెంటనే కొంగు గుంజుకొని "ఎట్లుంటే ఏంది, నా బిడ్డ తెచ్చింది" అన్నది. ఆ మాటకు నాకు పైసలు పోయిన బాధ కన్న ఎక్కువ బాధైంది. నల్లగొండల పుట్టి పెరిగి, పోచంపల్లి పక్కనే పెట్టుకొని, నేసిన దానికి అచ్చేసిన దానికి తేడా తెల్వకుంట మా అమ్మకు ఆ చీర కట్టబెట్టిన.

ఫిబ్రవరిల చిన్నమ్మ బిడ్డ పెండ్లి ఉండె. ఆ పెండ్లిల అయినా అమ్మ అసలు చీర కట్టాలె అని జనవరిల ఒక శనివారం స్కూటీ మీద బయలుదేరినం, నేను, మా రూమ్మేట్. దాని ఊరు నారాయణపేట, అది గూడ చీరల ఊరే, గళ్ల చీరలు చూసుకుంట పెరిగింది కాబట్టి బట్ట పట్టి చూస్తే నాకన్న నయం. దారి చెప్తే, ఎల్బీనగర్, హయత్‌నగర్, విజయవాడ హైవే మీద రామోజీ ఫిలింసిటీ దాటినంక ఎడమ చేతికి మలగాలె. సిటీల నుంచి బయటపడేసరికే సగం టైమ్ పోతది, అటెనక రోడ్డు ఖాళీ. మేం పొద్దున ఆరున్నరకు బయలుదేరినం, చలి గట్టిగనే ఉండె.

ఊరు చిన్నదే. భూదాన్ పోచంపల్లి అని ఎందుకంటరో చిన్నప్పుడు బడిల చదివినమే గానీ అక్కడ వినోబా భావే విగ్రహం కాడ నిలబడితే వేరే అనిపిస్తది. 1951 ఏప్రిల్ 18న ఆయన ఈ ఊరికి వస్తే, భూమి లేనోళ్లు 80 ఎకరాలు అడిగిన్రు, ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తనన్నడు, భూదానోద్యమం అట్ల మొదలైంది. 2021ల ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల లిస్టుల ఈ ఊరి పేరు పెట్టింది. మేం అక్కడ చాయ్ తాగి పది నిమిషాలు ఉన్నం, అంతే, మా పని చీర పని.

మెయిన్ రోడ్డు మీద వరుసగ చీరల దుకాణాలు. బండి ఆపంగనే ఒకరిద్దరు వచ్చి "రండి మేడమ్, ఫ్యాక్టరీ రేటు" అని పిలుస్తరు. రెండిండ్ల చూసినం, చీరలు మంచిగనే ఉన్నయి, కానీ ఈసారి నాకు నేసేటోళ్ల చేతుల నుంచే తీసుకోవాలని ఉండె. ఒక ముసలాయనను అడిగితే వెనక గల్లీల పోండ్రి, చప్పుడు ఇనపడే ఇంట్లకు పోండ్రి అన్నడు. నిజంగనే చప్పుడు పట్టుకొనే పోయినం. ఒక ఇంట్ల అర్ర తలుపు తెరిచి ఉంది, లోపట గుంట మగ్గం, ఒక పెద్దమ్మ గుంటల కాళ్లు పెట్టి కూసొని నేస్తున్నది. "జర చూడొచ్చా పెద్దమ్మా" అంటే "చూడు బిడ్డా, చెప్పులిడిసి రా" అన్నది.

ఆడ మేం గంటన్నర కూసున్నం. పోచంపల్లి నేతను ఇక్కత్ అంటరు. నాకు తెల్వనిది ఏందంటే, ఇక్కత్‌ల రంగు బట్ట మీద ఎయ్యరు, దారం మీదనే ఎక్కిస్తరు. పట్టుదారం బెంగళూరు దిక్కు నుంచి వస్తది, దాన్ని ముందు ఆసు పోస్తరు, తర్వాత గ్రాఫ్ కాగితం మీద ఉన్న డిజైన్ చూసుకుంట దారాల మీద గుర్తులు పెట్టి, ఏడ రంగు పట్టొద్దో ఆడ రబ్బరుతోని గట్టిగ చుడ్తరు. ఆ రబ్బరు ఏందో తెలుసా, సైకిల్ ట్యూబు, దాన్ని సన్నగ పట్టీల లెక్క కోసుకుంటరు. రంగుల ముంచి తీస్తే కట్టిన కాడ రంగు పట్టదు. అది ఆరినంక ఇంకో రంగుకు మళ్ల కట్టుడు, మళ్ల ముంచుడు. దీన్నే చిటికి కట్టుడు అంటరు. ఆ పెద్దమ్మ కొడుకు బయట వాకిట్ల కూసొని చిటికి కడ్తుండె, రేడియో నడుస్తున్నది, ఆయన చేతులు మాత్రం ఒక్క నిమిషం ఆగలే.

ఆసు అంటే ఏందో గూడ ఆడనే తెలిసింది. వంకర తిరిగిన చెక్కకు మేకులు ఉంటయి, దారాన్ని ఆ మేకులకు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలె, ఒక్క చీరకు 9,000 సార్లు చెయ్యి అటు ఇటు పోవాలె. ఈ పని ఎక్కువ ఆడోళ్లే చేసేటోళ్లు, భుజాలు పడిపొయ్యేటియి. ఆలేరు దిక్కు శారాజీపేట చింతకింది మల్లేశం వాళ్ల అమ్మ పడే నొప్పి చూసి, ఆరో తరగతితోనే బడి మానేసిన మనిషి, ఏండ్లు కష్టపడి 1999ల లక్ష్మి ఆసు యంత్రం చేసిండు, లక్ష్మి వాళ్ల అమ్మ పేరు. 2017ల పద్మశ్రీ వచ్చింది. ఈ ఇంట్ల గూడ ఆ మిషన్ ఉంది. "అది రాకముందు రాత్రి చెయ్యి పైకి లేసేది కాదు బిడ్డా, బువ్వ ఎడమ చేత్తోని తిన్న రోజులున్నయి" అన్నది పెద్దమ్మ. నేను ఎనిమిది గంటలు కీబోర్డు మీద కొట్టి మణికట్టు నొప్పి అంట కదా, ఆ మాట ఇన్నంక ఏం మాట్లాడలేకపోయిన.

నేసుడు దగ్గర నుంచి చూడాలె మీరు. అడ్డం దారం పట్టుకొని నాడె ఇటు నుంచి అటు పోతది, కానీ పెద్దమ్మ దాన్ని దగ్గరికి నెట్టే పలకను వెంటనే కొట్టదు. ముందు వంగి ఆ ఒక్క దారం డిజైన్ మీద సరిగ్గ కూసున్నదా లేదా చూస్తది, వెంట్రుకంత జరిగినా అంచు కాడ గోరుతోని మెల్లగ గుంజి సరి చేస్తది, అప్పుడు కొడ్తది. నేను చూస్తుండంగ చిలుక ముక్కు వస్తున్నది, ఒక దారం జర పక్కకు పోయింది, ఆమె దాన్ని మూడుసార్లు గుంజింది. "ముక్కు వంకర పోతే అది చిలుక అనిపించుకోదు" అన్నది. ఒక్క చిలుక అయ్యేసరికి మా చాయ్ రెండోసారి వచ్చింది.

కొన్న చీర పెసరపచ్చ రంగు, మెరూన్ అంచు, అంచుల ఏనుగులు చిలుకలు, ఒంటి మీద డైమండ్లు. 11,000 అన్నరు. మా రూమ్మేట్ అలవాటు కొద్ది 8,000 అన్నది. పెద్దమ్మ కోపం చెయ్యలే, లెక్క చెప్పింది, ఒక పడుగు మీద, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించిన నిలువు దారాల మీద, ఆరేడు చీరలు దిగుతయి, దారం తెచ్చిన కాడ నుంచి ఆఖరి చీర కోసేదాక ఇంటిల్లిపాది కూసున్నా నెలన్నర దాటుతది, దారానికి రంగులకు పొయ్యేది పోంగ మిగిలింది నలుగురి కూలి అని. ఇంక నేను బేరం చెయ్యద్దన్న. వాళ్లే 500 తగ్గించిన్రు. 10,500. పోయినసారి అచ్చేసిన దానికి నోరు మూసుకొని 6,200 కట్టినదాన్ని, ఈడ ఎట్ల బేరం చేస్త.

ఎట్ల గుర్తుపట్టాలె అనేది ఆమె నేర్పింది, మీక్కూడ చెప్తున్న. చీర మలిపి చూడండ్రి, ఇక్కత్ అయితే రెండు దిక్కుల రంగు ఒక్కతీరుగ ఉంటది, అచ్చేసింది అయితే వెనక దిక్కు వెలిసినట్టు ఉంటది. రెండోది, డిజైన్ అంచులు కత్తితోని కోసినట్టు నీటుగ ఉంటే అనుమానించండ్రి, నేసిన దాంట్ల దారం జరిగిన కాడ రంగు జర పారినట్టు, ఈకలు ఈకలుగ కనపడ్తది, అదే దాని అందం. చీర అంచు కాడ చేతితోని గుంజి సరి చేసిన దారాల సన్న సన్న మడతలు గూడ కనపడ్తయి. పట్టా కాదా అంటే కొంగు కుచ్చుల నుంచి రెండు దారాలు తీసి కాలిస్తే, పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడి అయితది, పాలిస్టర్ అయితే కరిగి గోళీ లెక్క గట్టిపడ్తది. దుకాణంల కొంటే సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ లేబుళ్లు అడగండ్రి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లనే జీఐ, అంటే ఈ సరుకు ఈ ప్రాంతందే అనే గుర్తింపు వచ్చింది, పేరు వాడుకొని అచ్చు చీరలు అమ్మేటోళ్లు ఇంకా ఉన్నరు గనుక అడుగుడు మన పని.

ఇగ వాడినంక ఎట్లుంది. మొదటిసారి కట్టినప్పుడు గంజి బిరుసు ఉండె, కుచ్చిళ్లు నిలబడ్డయి గానీ కూసుంటే లేస్తే చప్పుడు. మూడోసారికి మెత్తబడ్డది, ఇప్పుడైతే ఒంటికి అతుక్కున్నట్టు పడ్తది. బరువు తక్కువ. ఎండాకాలం పెండ్లిళ్లల్ల గూడ అమ్మ ఉడుకపోస్తుందని అనలే. నేను ఆఫీస్‌కు కట్టుకపోయిన రోజు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాక ఉన్న, క్యాబ్‌ల, క్యాంటీన్‌ల, మీటింగులల్ల, ఎక్కడ నలగలే. రంగు ఇప్పటికీ కొన్ననాటి తీరుగనే ఉంది.

లోపాలు లేవా అంటే ఉన్నయి. బ్లౌజ్ ముక్క ఇంట్ల నీళ్లల్ల తడిపితే మెరూన్ రంగు దిగింది, మొదటిసారి నీళ్లు ఎర్రగైనయి, రెండోసారికి ఆగింది. చీరను మాత్రం నీళ్లల్ల పెట్టలే, డ్రై వాష్‌కే ఇచ్చిన, అక్కడ ఇస్త్రీ ఎక్కువ వేడి పెట్టిన్రు, ఒక కాడ మెరుపు తగ్గింది, అది నేసినోళ్ల తప్పు కాదు కానీ మీరు ఇచ్చేటప్పుడు చెప్పి ఇయ్యండ్రి. బిల్లు ఇయ్యలే, తెల్ల కాగితం మీద రాసిచ్చిన్రు, లేబుల్ లేదు. బిల్లు లేబుల్ కావాలనుకునేటోళ్లు నేతగాళ్ల సహకార సొసైటీ దుకాణంల తీసుకోవుడు మంచిది. ఫాల్ కుట్టి ఉండదు, కొంగు కుచ్చులు మనమే ఏపియ్యాలె. మధ్యాహ్నం పోతే అన్నం టైమ్‌ల మగ్గాలు ఆగుతయి, చూడాలంటే పొద్దున పది లోపల పోవాలె. మడత మీద పట్టు పగులుతది, నెలకొకసారి మడత మార్చండ్రి, నేను ఇంటికి పోయినప్పుడల్ల అదే పని చేస్తున్న.

పెండ్లి నాడు అమ్మ చీర కట్టుకునే ముందు మంచం మీద పరిచి తనే కొంగు మలిపి వెనక దిక్కు చూసింది. ఏం అనలే, నా దిక్కు చూసి నవ్వింది. తర్వాత పక్కింటి పెద్దమ్మ వచ్చింది, ఈసారి ఆమె కండ్లద్దాలు పెట్టుకొని మరీ అంచు పట్టి చూసింది, ఏనుగు కాలు కాడ దారం వేలితోని తడిమింది, "ఎవలో గని చెయ్యి తిరిగిన మనిషి" అన్నది. ఏ ఇంట్ల కొన్నవు బిడ్డా అని అడిగితే కాగితం మీద గల్లీ గీసి ఇచ్చిన. వచ్చే నెల దసరాకు ముందు రెండో శనివారం మళ్ల పోతున్నం, ఈసారి పుట్టపాక గూడ చూడాలె, అక్కడి తేలియా రుమాల్‌కు 2020ల జీఐ వచ్చింది, నిలువు దారాలకు అడ్డం దారాలకు రెంటికీ చిటికి కట్టి నేస్తరు. పక్కింటి పెద్దమ్మ నేను గూడ వస్త అన్నది, స్కూటీ మీద ముగ్గురం పట్టం కాబట్టి బస్సుల పోదామనుకుంటున్నం.