ట్రంపెట్ వదలని ర్యాపర్: బ్లిట్జ్ ది అంబాసిడర్ 'నేటివ్ సన్'

హిప్ హాప్ అంటే కంప్యూటర్‌లో తయారైన బీటు మీద గబగబా మాటలు చెప్పేయడమే కదా అనేవాళ్ళకి నేను ముందు వినిపించేది ఈ ఆల్బమే. 2011లో వచ్చింది. ఇన్నేళ్ళూ స్నేహితుడు ఇచ్చిన కాపీతో గడిపేశాను. ఈ మధ్యే డబ్బు కట్టి నా సొంత కాపీ కొనుక్కున్నాను. కొన్న సందర్భంలో మొదటి నుంచి చివరిదాకా కుదురుగా విని రాస్తున్న రివ్యూ ఇది.

బ్లిట్జ్ అసలు పేరు శామ్యూల్ బజావులె. ఘనా రాజధాని అక్రాలో 1982లో పుట్టాడు. 2001లో చదువు కోసం అమెరికా వచ్చి ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. చాలా ఏళ్ళ తర్వాత నేను ఎమ్మెస్ చేసిందీ అక్కడే. అతని పేరు నాకు చెప్పింది మా ల్యాబ్‌లో ఉండే ఘనా అబ్బాయి. "మీ తెలుగువాళ్ళకి ఊరూరా సీనియర్లు ఉంటారు కదా, మాకూ ఇక్కడ ఒక సీనియర్ ఉన్నాడు" అంటూ హెడ్‌ఫోన్స్ నా చేతికిచ్చాడు. అప్పుడు విన్నది 'అక్వాబా' పాట. ఘనాలో మాట్లాడే ట్వి భాష, ఇంగ్లీషు కలిపి పాడుతుంటే నాకు సగం అర్థం కాలేదు. అయినా పాట ఆపబుద్ధి కాలేదు.

చిన్నప్పుడు వాళ్ళన్నయ్య పుణ్యమా అని పబ్లిక్ ఎనిమీ అనే అమెరికా ర్యాప్ బృందం పాటలు అతని చెవిన పడ్డాయి. దాంతో ర్యాప్ పిచ్చి పట్టుకుంది. అమెరికా విమానం ఎక్కేసరికే అక్రాలో ర్యాపర్‌గా కొంత పేరు తెచ్చుకున్నాడు. కెంట్‌లో చదివింది బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. చదువు అయ్యాక న్యూయార్క్ వెళ్ళాడు. హిప్ హాప్ పుట్టిన ఊళ్ళో ఒక ఆఫ్రికా కుర్రాడు, తన యాసతో, తన ఊరి హైలైఫ్ సంగీతం కలిపి ర్యాప్ చేస్తానంటే పెద్ద లేబుళ్ళు, అంటే ఆల్బమ్‌లు తెచ్చే కంపెనీలు, ఆసక్తి చూపలేదు. అప్పుడు 'ఎంబసీ మూవ్‌మెంట్' పేరుతో సొంత లేబుల్ పెట్టుకున్నాడు. 2009లో ఒక ఆల్బమ్ తెచ్చాడు, దాని తర్వాతది ఇది.

నా దృష్టిలో ఈ ఆల్బమ్ గొప్పతనం ఎక్కడుందంటే, వెనక ఎవరి డబ్బూ లేనివాడు చెయ్యడానికి భయపడే పని ఇతను చేశాడు. సొంతంగా నెట్టుకొచ్చేవాళ్ళు ముందు ఖర్చు తగ్గించుకుంటారు. ర్యాపర్‌కి అది సులువు కూడా: ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, పక్కన ఒక డీజే ఉంటే షో అయిపోతుంది. బ్లిట్జ్ మాత్రం ట్రంపెట్ ఊదేవాళ్ళని, సాక్సోఫోన్ వాళ్ళని, గిటార్, డ్రమ్స్ వాళ్ళని పోగేసి, 'ఎంబసీ ఎన్‌సాంబుల్' అని బ్యాండు కట్టి దేశదేశాలూ తిప్పాడు.

అదెంత బరువైన పనో నాకు కొంచెం తెలుసు. మా నాన్న తణుకు దగ్గర పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. ముహూర్తాల సీజన్‌లో బయానా తీసుకున్న రోజు ఇంట్లో పండగలా ఉండేది. ఊరేగింపుల్లోకి డీజే బాక్సులు వచ్చాక ముందు ట్రంపెట్ మనిషి మానేశాడు, తర్వాత డ్రమ్ము మనిషి ఆటో కొనుక్కున్నాడు, ఆ తర్వాత బ్యాండే లేదు. వీడియో కాల్‌లో ఈ ఆల్బమ్ పాట ఒకటి నాన్నకి వినిపించాను. ర్యాప్ సంగతి ఏమీ అడగలేదు. "ఊదేవాళ్ళు నిజం మనుషులేరా, మిషను కాదు" అన్నారు. కాసేపు విని, "ఇంతమందికీ డబ్బు ఇతనే ఇస్తున్నాడా?" అని అడిగారు. అవునన్నాను. మాట్లాడకుండా పాట మొత్తం విన్నారు.

నిజం మనుషులని ఎలా తెలుస్తుందంటే, శాంపిల్ చేసిన ట్రంపెట్, అంటే ఒకసారి రికార్డు చేసిన ముక్కనే మళ్ళీ మళ్ళీ వాడేది, ప్రతిసారీ ఒకేలా వస్తుంది. పదిసార్లు వస్తే పదిసార్లూ అదే బరువు, అదే కొస. ఇక్కడ అలా కాదు. ర్యాప్ లైను ముగిసే చోట వాద్యాలన్నీ ఒక్కసారి లేస్తాయి, కానీ ఒకటి వెంట్రుకవాసి ముందు, ఇంకొకటి ఆ వెనక. స్వరం చివర ఊపిరి తగ్గుతుంటే శబ్దం కాస్త వాలుతుంది. బ్లిట్జ్ ఆ వాలు చూసుకుని తర్వాతి లైను అందుకుంటాడు. అతనూ వాద్యగాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించినట్టే వినిపిస్తుంది. ఫోన్ స్పీకర్‌లో ఇదంతా పిండైపోతుంది, దయచేసి అందులో వినకండి. కారులోనో మంచి హెడ్‌ఫోన్స్‌లోనో వినండి.

పాటల విషయానికొస్తే, 'అక్వాబా' తర్వాత నన్ను బాగా పట్టుకున్నది 'డియర్ ఆఫ్రికా'. కామెరూన్ మూలాలున్న ఫ్రెంచ్ అక్కాచెల్లెళ్ళు లే న్యూబియాన్ ఇందులో గొంతు కలిపారు. సొంత ఖండాన్ని నేరుగా పలకరిస్తూ సాగుతుంది. దేశం వదిలి వచ్చినవాళ్ళు ఇంటి గురించి పాడితే ఎక్కువగా పిండివంటలు, వాన, అమ్మ కొంగు దగ్గర ఆగిపోతారు. బ్లిట్జ్ అక్కడ ఆగడు. ఇంటి మీద ప్రేమ ఉంది, ఇంటిని నిలదీసే గొంతూ ఉంది. 'అక్రా సిటీ బ్లూస్' నెమ్మదైన పాట, రాత్రి పూట డ్రైవింగ్‌కి బాగుంటుంది. 'బెస్ట్ ఐ కెన్' కోసం కార్నెయ్ వచ్చాడు, రువాండా మూలాలున్న కెనడా గాయకుడు. అందులో కోరస్ నాకు కాస్త తీపి ఎక్కువైనట్టనిపించింది.

'ది ఒరాకిల్' గురించి మాత్రం ఆగి చెప్పాలి. ఇందులో పాడిన అతిథి చక్ డి, పబ్లిక్ ఎనిమీ చక్ డి. అక్రాలో అన్నయ్య పుణ్యాన ఎవరి గొంతు విని ఈ దారి పట్టాడో, ఆ మనిషే వచ్చి ఇతని సొంత ఆల్బమ్‌లో, ఇతని బీటు మీద పాడాడు. మధ్యలో పెద్ద కంపెనీ లేకుండా ఒక వలస కుర్రాడు అక్కడిదాకా వెళ్ళడం నాకు ఎంత ఆనందమో! ఆ పాట వచ్చినప్పుడల్లా సౌండ్ పెంచుతాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చెప్పాలనుకున్నది ఎక్కువైన చోట ర్యాప్ ఉపన్యాసంలోకి జారుతుంది, అప్పుడు వాద్యాలు పక్కన నిలబడి ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. నేను కొన్న డిజిటల్ కాపీతో పాటల సాహిత్యం రాలేదు. ట్వి లైన్లకి అర్థం కోసం మళ్ళీ ఆ ల్యాబ్ మిత్రుడికే మెసేజ్‌లు పెట్టాల్సి వచ్చింది. ఇలాంటి ఆల్బమ్‌కి సాహిత్యం, అర్థం ఇవ్వకపోవడం అన్యాయం. ట్రాప్ అనే ఇప్పటి ర్యాప్ శైలి బీట్లకి అలవాటుపడ్డవాళ్ళకి మొదటి రెండు పాటలూ పాతకాలం వాటిలా అనిపించవచ్చు. నైజీరియా ఆఫ్రోబీట్ సంగీతకారుడు ఫెలా కుటి సంగీతం ఇష్టమున్నవాళ్ళకి మాత్రం ఆ ఇబ్బంది ఉండదు.

ఇది నచ్చితే 2014 నాటి 'ఆఫ్రోపాలిటన్ డ్రీమ్స్' వినండి. ఫెలా కొడుకు షెయున్ కుటి, బెనిన్ గాయని ఏంజెలిక్ కిజో అందులో ఉన్నారు. రికార్డింగ్ ఇంకా శుభ్రంగా ఉంది, కానీ నా ఓటు 'నేటివ్ సన్'కే. అందులో ఆకలి ఎక్కువ వినిపిస్తుంది.

అతని ఆశ ర్యాప్‌తో ఆగలేదని కూడా చెప్పాలి. జనం దగ్గర చందాలు పోగేసి, ఘనాలోనే 'ది బరియల్ ఆఫ్ కోజో' సినిమా తీశాడు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. మరుసటి ఏడాది బియాన్సే 'బ్లాక్ ఈజ్ కింగ్' దర్శకుల్లో ఒకడయ్యాడు. 2023లో హాలీవుడ్‌లో 'ది కలర్ పర్పుల్' మ్యూజికల్‌కి దర్శకుడు. ఇప్పుడు చాలామందికి అతను దర్శకుడు బ్లిట్జ్ బజావులెగానే తెలుసు. సినిమాలు చూసినవాళ్ళు ఈ ఆల్బమ్ కూడా వింటే, అంతమంది మనుషుల్ని, అన్ని గొంతుల్ని ఒకచోట నడిపించడం అతను ఎక్కడ నేర్చుకున్నాడో తెలుస్తుంది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. స్ట్రీమింగ్‌లో ఒకసారి విని చూడండి, నచ్చితే మాత్రం కొనండి. వినేటప్పుడు పాటల వరస మార్చకండి, షఫుల్ ఆపేసి మొదటి నుంచి పెట్టండి.