టూకాన్ బొమ్మ అదిరింది, కింద రాసిందే తప్పు

తిరుపతి గాంధీ రోడ్డులో మా పాపకి 120 రూపాయలకి కొన్న పక్షుల చార్టు ఇది. టోకో టూకాన్ బొమ్మ చాలా బాగా వచ్చింది: నల్లటి ఒళ్లు, తెల్లటి గొంతు, కంటి చుట్టూ నీలం చర్మం, నారింజ ముక్కు కొసన నల్ల మచ్చ. ఆ ముక్కు దాదాపు 20 సెంటీమీటర్లు ఉంటుందంటే పాప స్కేలు తెచ్చి తన ముక్కు దగ్గర పెట్టుకుంది! లోపల స్పాంజిలా ఉంటుంది కాబట్టి బరువుండదు. ఒంట్లో వేడిని బయటికి పంపేదీ అదే. మా ఆయన హార్న్‌బిల్ అనుకున్నారు. కాదు, అది వేరే కుటుంబం.

కింద మాత్రం 'దట్టమైన అడవి' అని వేశారు. ఇది ఎక్కువగా ఉండేది బ్రెజిల్, బొలీవియా, పరాగ్వేల్లో చెట్లు పలచగా ఉండే చోట్ల, అడవి అంచుల్లో. గూడు చెట్టు తొర్రలో. పెన్నుతో దిద్దేశాను. లామినేషన్ అంచు రెండు వారాలకే లేచింది.