నల్లని ఒంటి చిన్న బొమ్మలకి ఆయిల్ రంగులు: నాలుగేళ్ళు వాడాక

"బొమ్మ నుదుటికి బూడిద రాశావేంటి నాన్నా?" అని మా అమ్మాయి అడిగేదాకా నాకు తప్పు కనబడలేదు. 75 మిల్లీమీటర్ల ఎత్తున్న రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) సిపాయి బొమ్మ అది. అక్రిలిక్ (నీళ్ళతో కలిపే, త్వరగా ఆరే రంగు) గోధుమరంగు వేసి, వెలుగు పడే చోట అదే రంగులో తెలుపు కలిపి రాశాను. తెల్లవాళ్ళ బొమ్మలు వేస్తూ నేర్చుకున్న అలవాటు. నల్లని ఒంటి మీద టైటానియం వైట్ అలా పడితే మెరుపు రాదు, సున్నం కొట్టినట్టు ఉంటుంది. ఆ సిపాయి ఇప్పటికీ అల్మారాలో నన్నే చూస్తుంటాడు. ఆయన తర్వాతే ఆయిల్‌కి మారాను.

నావి ఐదే ట్యూబులు: బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ), బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు). పక్కన బఠాణీ గింజంత తెలుపు. నలుపు ట్యూబు లేదు. సియెన్నాలో అల్ట్రామెరైన్ కలిపితే దాదాపు నలుపే వస్తుంది, దాన్ని ఎర్రగానో నీలంగానో కావలసినట్టు మార్చుకోవచ్చు. ట్యూబు నలుపుతో నీడ వేస్తే మసి పూసినట్టుంటుంది. 'స్కిన్ కలర్' అని రాసి ఉన్న ట్యూబు కూడా ఒకటి కొన్నాను. మా ఇంట్లో ఎవరి ఒంటికీ అది నప్పలేదు.

అడుగున ముదురు గోధుమ అక్రిలిక్ బాగా ఆరాక, పైన పల్చగా అంబర్ పూసి తుడిచేస్తాను. మిగిలినవి చుక్కలుగా పెట్టి పొడి బ్రష్‌తో ఒకదాంట్లోకి ఒకటి లాగుతాను. ఆయిల్ గంటల తరబడి తడిగా ఉంటుంది కాబట్టి చెంప నుంచి దవడ దాకా గీత పడకుండా రంగు కరిగిపోతుంది. అక్రిలిక్‌తో నాకు ఇది ఎన్నడూ చేతకాలేదు.

ఏ రంగు ఎక్కడ పెట్టాలో నేర్పింది మాత్రం ఒడిశా రాయగడ జిల్లాలోని చటికొన బుధవారం సంత. నియమగిరి కొండల మీద నుంచి పసుపు, అనాసపళ్ళు దింపుకొచ్చినవాళ్ళ ముఖాలు ఎండలో చూడండి. చెమట పట్టిన నుదుటి మీద, ముక్కు దూలం మీద ఆకాశం నీలం తేలుతుంది. చెవుల దగ్గర, వేళ్ళ కణుపుల దగ్గర ఎరుపు. అరచేయి లేత రంగు, దాని గీతలు ముదురు. కింది పెదవి లోపలి వైపు గులాబి. అందుకే వెలుగుకి ఆకర్, సియెన్నా కలిపి వాడతాను. చిట్టచివర నుదుటి మీద ఒక్క చుక్క నీలం కలిపిన తెలుపు, అంతే. కళ్ళలో కూడా పచ్చి తెలుపు వద్దు, గుడ్లు ఉరిమినట్టు కనిపిస్తాయి.

ఇక తలనొప్పులు. రాయగడ వానాకాలంలో రంగు ఆరదు. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి త్వరగానే గట్టిపడుతుంది కానీ, అలిజరిన్ కలిసిందంటే వారం గడిచినా వేలికి అంటుకుంటుంది. రంగు పల్చన చేసే టర్పెంటైన్ పూర్తిగా ఎగిరిపోయాక, బల్బు పెట్టిన బిస్కెట్ డబ్బాలో బల్బుకి దూరంగా బొమ్మని నిలబెడతాను. ఒకసారి తొందరపడి పైన వార్నిష్ కొట్టాను. మెడంతా ముడతలు! హార్డ్‌వేర్ షాపు టర్పెంటైన్ కూడా జిగట మిగిల్చింది, విశాఖ వెళ్ళినప్పుడు ఆర్టిస్టులు వాడేది తెచ్చుకుంటున్నాను. జిడ్డు మెరుపు తగ్గాలంటే రంగుని కాసేపు మిఠాయి డబ్బా అట్ట మీద పెట్టండి, అట్ట నూనె పీల్చేస్తుంది. అలాగని మొత్తం మాట్ (మెరుపు లేకుండా) చేసేస్తే ఒళ్ళు ఎండిన మట్టిలా అయిపోతుంది. నేను నుదురు, భుజాల మీద కాస్త శాటిన్ (కొద్దిపాటి మెరుపుండే) వార్నిష్ రాస్తాను.

28 మిల్లీమీటర్ల బొమ్మలకి ఇంత శ్రమ దండగ, వాటికి అక్రిలిక్ చాలు. 54 దాటితేనే ఆయిల్ తేడా కంటికి తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బాలో ఆరుతున్నది మా తాతయ్య బొమ్మ. ఉన్న ఒక్క ఫొటో బ్లాక్ అండ్ వైట్. ఆయన రంగు ఎలా ఉండేదని అమ్మని అడిగాను. "నీ చెయ్యి చూసుకో, దానికి ఇంకో నలభై ఎండాకాలాలు కలుపు" అంది. సియెన్నా ఇంకాస్త పిండాను.