కొత్తదని అమ్మిన మాక్రో లెన్స్‌తో కొండెక్కాను. కొనబోయేవాళ్ళు జాగ్రత్త

లెన్స్ కొనబోతున్నవాళ్ళు, కొన్నాక వెనక్కిచ్చే గడువు ఇంకా దాటనివాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నాను.

సీల్ తీయని కొత్త పీసు అని నాకు అమ్మిన 100 ఎంఎం మాక్రో లెన్స్ (చిన్న చిన్న వస్తువులను బాగా దగ్గర నుంచి తీసే లెన్స్) అంతకుముందే ఎవరో వాడింది. దాని అపర్చర్ రెక్కలకు, అంటే లోపల వెలుగు వచ్చే రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే పలుచటి రేకులకు, నూనె పట్టి ఉంది. లోపల ఒక గాజు మీద ఫంగస్ ఉంది. ఇవి నాకు తెలిసేసరికి పది రోజుల గడువు దాటి రెండు రోజులైంది.

పెట్టె వచ్చిన రోజే తెరిచాను. గదిలో కిటికీ దగ్గర కూర్చుని నాలుగు ఫొటోలు తీశాను, అన్నీ ఎఫ్ 2.8 దగ్గరే (ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే అపర్చర్ అంత పెద్దగా తెరుచుకుంటుంది). కొత్త లెన్స్ చేతికొస్తే ఎవరైనా ముందు చేసేది అదే కదా, అపర్చర్ పూర్తిగా తెరిచి వెనక బ్లర్ ఎలా వస్తుందో చూడటం. బ్రహ్మాండంగా వచ్చాయి. మళ్ళీ జాగ్రత్తగా పెట్టెలో పెట్టేశాను. వసంతం వచ్చి కొండ మీద అడవి పూలు విరిసే వారం కోసం దాచుకున్నాను. తప్పు ఇక్కడే జరిగింది. ఎఫ్ 2.8 దగ్గర అపర్చర్ రెక్కలకు అసలు పని ఉండదు, అవి పక్కకి తప్పుకుని ఉంటాయి. పని చేయని భాగాన్ని నేను పరీక్షించనే లేదు.

ఆ రోజు తెల్లవారుజామునే నేనూ తమ్ముడూ బయల్దేరాం. గాలి లేదు, మంచు బాగా పడింది. మాక్రో తీసేవాళ్ళకి ఇంతకన్నా మంచి పొద్దు దొరకదు. దారి మొదటి మలుపులోనే చిటికెన వేలి గోరంత ఊదారంగు పూలు గుత్తులుగా ఉన్నాయి. ఒక రేకు అంచున నూగు మీద మంచు బొట్టు నిలబడి ఉంది. ఆ బొట్టులో వెనకున్న కొమ్మ తలకిందులుగా కనిపిస్తోంది. మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి ఫోకస్ చేశాను.

1:1 దాకా, అంటే వస్తువు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళ్తే, ఎఫ్ 2.8 దగ్గర ఫోకస్‌లో ఉండే మందం పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో అర మిల్లీమీటర్ కూడా ఉండదు. బొట్టు ముందు భాగం స్పష్టంగా వస్తే రేకు అంచు కరిగిపోతుంది. అపర్చర్ మూసేకొద్దీ ఆ మందం పెరుగుతుంది, అందుకే ఎఫ్ 11కి మార్చి క్లిక్ చేశాను. ఫ్రేమంతా తెల్లగా పాలిపోయి వచ్చింది. రేకు రంగు లేదు, బొట్టు లేదు. కెమెరా లెక్కగట్టిన వెలుగును మనం సవరించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒక స్టాప్ తగ్గించాను, అంటే వెలుగు సగం చేశాను. ఈసారి చీకటి. మళ్ళీ సున్నాకి తెచ్చాను, మళ్ళీ తెలుపు. మంచు బొట్టు మీద వెలుగు పడి కెమెరా వెలుగును కొలిచే మీటరింగ్ తికమక పడుతోందేమో అనుకుని, ఒక్క చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టాను. అరగంట పాటు నా సెట్టింగ్స్‌నే అనుమానించాను. ఈలోగా ఎండ పైకొచ్చింది, బొట్టు ఆరిపోయింది.

తమ్ముడు నా వెనక నుంచి స్క్రీన్ చూస్తూ, "అన్నా, ఈ రెండు ఫొటోల నంబర్లూ ఒకటే కదా, వెలుగెందుకు తేడాగా ఉంది?" అన్నాడు. అప్పుడు చూశాను. రెండింటికీ ఎఫ్ 11, షట్టర్ 1/60, ఐఎస్ఓ 800. ఒకటి సరిగ్గా ఉంది, ఇంకొకటి తెల్లగా పోయింది. మధ్యలో ఎండ మారలేదు.

జరుగుతున్నది ఏమిటంటే, నాది డీఎస్ఎల్ఆర్, లోపలి అద్దం ద్వారా లెన్స్‌లోంచే చూసే కెమెరా. వ్యూఫైండర్‌లోంచి మనం చూస్తున్నంతసేపూ లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. బటన్ నొక్కిన ఆ క్షణంలోనే రెక్కలు మనం పెట్టిన నంబర్ దాకా మూసుకోవాలి. అవి మూసుకుంటాయనే నమ్మకంతో కెమెరా షట్టర్ స్పీడ్ లెక్కగడుతుంది. రెక్కలకు నూనె అంటుకుంటే కదలిక మందగిస్తుంది, షట్టర్ తెరుచుకునే సమయానికి అవి సగం దారిలోనే ఉంటాయి. ఎఫ్ 2.8కీ ఎఫ్ 11కీ నాలుగు స్టాపుల తేడా, అంటే వెలుగులో 16 రెట్లు. ఒక క్లిక్‌కి రెక్కలు మూసుకుంటాయి, ఇంకో క్లిక్‌కి మూసుకోవు. చలికి ఆ జిడ్డు ఇంకా చిక్కబడుతుంది కాబట్టి గదిలో ఓ మోస్తరుగా నడిచే లెన్స్ కూడా తెల్లవారుజామున కొండ మీద మొరాయిస్తుంది.

అక్కడే ఒక బండరాయి వైపు తిప్పి మాన్యువల్ మోడ్‌లో ఎఫ్ 11 పెట్టి వరసగా తొమ్మిది ఫ్రేములు తీశాను. తొమ్మిదిలో నాలుగే సరిగ్గా వచ్చాయి. షట్టర్ స్పీడ్ పెంచి ఎఫ్ 2.8 దగ్గర ఇంకో తొమ్మిది తీశాను. అవి తొమ్మిదీ ఒకేలా ఉన్నాయి. అంటే షట్టర్ తప్పు కాదు, నా సెట్టింగ్స్ తప్పూ కాదు. ఆ ఫైళ్ళు ఒక్కటి కూడా డిలీట్ చేయకుండా దాచాను. మీకూ ఎప్పుడైనా అనుమానం వస్తే చెడిపోయిన ఫొటోలను చిరాకుతో చెరిపేయకండి, సాక్ష్యం అవే.

ఇంటికొచ్చి లెన్స్‌ను కెమెరా నుంచి తీసి టార్చ్ వేసి చూశాను. రెక్కల మీద ఆముదం రాసినట్టు మెరుపు. వెనక వైపు గాజు అంచున సన్నటి తెల్లటి పోగులు, సాలెగూడు కొసల్లా కొమ్మలు వేసి ఉన్నాయి. అది ఫంగస్. కెమెరాకు బిగించే లోహపు చక్రం మీద అరిగిన గీతలు కూడా అప్పుడే కనిపించాయి. నేను ఆ లెన్స్‌ను బిగించింది మహా అయితే మూడుసార్లు, అన్ని గీతలు పడే అవకాశమే లేదు. వారంటీ కార్డు మీద సీరియల్ నంబర్ చివరి రెండు అంకెలు లెన్స్ మీదున్న వాటితో కలవలేదు. మొదటి రోజే రెండు నిమిషాలు చూసి ఉంటే ఇవన్నీ దొరికేవి.

అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే మొదట గడువు దాటిందన్నారు. ఫంగస్ సంగతి చెప్పగానే, "మీరు మంచులో తిప్పారు కదండీ, తేమ పట్టింది" అన్నారు. ఈ మాట మీతోనూ అంటారు, దయచేసి నమ్మకండి. ఫంగస్ ఒక్క పూటలో కొమ్మలు వేయదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న చోట, వెలుతురు తగలకుండా వారాలు, నెలలు పడి ఉన్న లెన్స్‌లో పెరుగుతుంది. రెక్కల మీది నూనె మంచుతో వచ్చేది కానే కాదు, అది లెన్స్ లోపలి గ్రీజు కాలక్రమంలో కరిగి పాకినది. చివరికి, "ఉచితంగా సర్వీస్ చేసిస్తాం" అన్నారు. వద్దన్నాను. ఫంగస్‌ను తుడవచ్చు. కానీ అప్పటికే అది గాజు మీది కోటింగ్‌ను తినేసి ఉంటే ఆ మచ్చ పోదు. పైగా నేను డబ్బు పెట్టింది కొత్త లెన్స్‌కి.

కెమెరా బాడీకైతే షట్టర్ కౌంట్, అంటే షట్టర్ ఎన్నిసార్లు పడిందో చూసి ఎంత వాడారో తెలుసుకోవచ్చు. లెన్స్‌కి మనం చూసుకోగలిగే అలాంటి లెక్క లేదు. వాడినదాన్ని కొత్తదని అంటగట్టడం అందుకే తేలిక. కాబట్టి పెట్టె తెరిచేటప్పుడే వీడియో తీయండి, సీల్ కత్తిరించే దగ్గర నుంచి సీరియల్ నంబర్ కనిపించేదాకా ఆపకుండా. నంబర్ పెట్టె మీద, కార్డు మీద, లెన్స్ మీద మూడు చోట్లా ఒకటే ఉండాలి. ఫిల్టర్ బిగించే అంచున నొక్కు ఉంటే ఆ లెన్స్ ఒకసారి కింద పడిందనో దేనికో గుద్దుకుందనో అర్థం. చిన్న స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారు.

తర్వాత రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి టార్చ్ ఏటవాలుగా వేసి రెండో వైపు నుంచి చూడండి. నాలుగైదు దుమ్ము రేణువులకు కంగారుపడొద్దు, ఫొటోలో అవి తెలియవు. పోగులు, పాలలాంటి మసక కనిపిస్తే మాత్రం అక్కడితో ఆపేసి వెనక్కిచ్చేయండి. మీ కెమెరాకు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ (ఫొటో తీయకుండానే రెక్కలను మూసి చూపించేది) ఉంటే ఎఫ్ 16 పెట్టి అది నొక్కుతూ లెన్స్‌లోకి ముందు నుంచి చూడండి. రెక్కలు టక్కున మూసుకుని టక్కున తెరుచుకోవాలి. నేను బండరాయి మీద చేసిన తొమ్మిది ఫ్రేముల పరీక్ష మీ ఇంటి గోడ మీద చేసుకోండి. ఒకసారి మూసిన అపర్చర్‌తో, ఒకసారి తెరిచిన దానితో, వెలుగు మారకుండా. వీలైతే లెన్స్‌ను తెల్లవారుజామున ఓ గంట ఆరుబయట చల్లదనంలో ఉంచి కూడా ఒకసారి చేయండి. ఇదంతా గడువులోపే, ప్రయాణానికి ముందే.

నేను ఆ పద్దెనిమిది ఫైళ్ళూ, టార్చ్ వెలుగులో తీసిన ఫొటోలూ, రెండు సీరియల్ నంబర్ల ఫొటోలూ జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాను. గడువు సంగతి పక్కన పెట్టి, వాడిన వస్తువును కొత్తదని అమ్మారన్న విషయం మీదే అడిగాను. జవాబు ఇంకా రాలేదు, వస్తే ఇక్కడే రాస్తాను. తరువాతి వారం పాత లెన్స్ పట్టుకుని అదే మలుపు దగ్గరికి వెళ్ళాను. ఊదా రేకులు రాలిపోయి, కాడల చివర పచ్చటి కాయలు కట్టాయి.