నాలుగేళ్లు, 31 వేల కిలోమీటర్లు: మలుపుల్లో నా పాత జెడ్4

హార్స్‌పవర్ ఎంత, పైకప్పు ఎన్ని సెకన్లలో మడుచుకుంటుంది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. నేను రాసేది ఒక్క విషయం గురించే: ఈ బండిని మలుపులో కుడికాలితో తిప్పొచ్చు. ఆ సుఖం నాకు ఇంకే కారులోనూ దొరకలేదు.

నాది 2011 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4, పైకప్పు మడిచే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని విజయనగరం తెచ్చుకున్నాను. అంతకుముందు పదేళ్లు స్విఫ్ట్ నడిపాను. అందులో బండిని లాగేవీ, తిప్పేవీ ముందు చక్రాలే. మలుపులో స్పీడు ఎక్కువైతే ముక్కు బయటికి పోతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మళ్లీ దారిలోకి వస్తుంది. నా కాలికి అదే అలవాటు. జెడ్4లో ముందు చక్రాలు తిరుగుతాయంతే, తోసేవి వెనక చక్రాలు. మలుపు మధ్యలో ఠక్కున కాలు తీస్తే బరువు ముందుకి వాలి, వెనక తేలికైపోయి తోక జారుతుంది.

మా మావయ్య ఒకప్పుడు అంబాసిడర్ టాక్సీ మీద అరకు బేరాలు తిప్పేవాడు. అదీ వెనక చక్రాల బండే. కొత్తలో నా పక్కన కూర్చుని గంటస్తంభం దాటకముందే చెప్పాడు: "మలుపులో కాలు ఒగ్గీకు అల్లుడూ. ఆపుకునేదేదో ముందే ఆపుకో." ఇందులో జారితే పట్టుకునే కంప్యూటర్ ఉంది మావయ్యా అన్నాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

నిజంగా నేర్చుకున్నది స్నేహితుడి రైస్ మిల్లు వెనకున్న సిమెంటు కళ్లంలో. ధాన్యం లేని రోజుల్లో ట్యాంకరుతో నేల తడిపి, మధ్యలో పాత లారీ టైరు పెట్టి, దాని చుట్టూ తిరిగేవాణ్ని. 25 కిలోమీటర్ల స్పీడు చాలు, తోక జారడానికి. ఈ బండిలో సీటు దాదాపు వెనక ఇరుసు దగ్గరే ఉంటుంది, అందుకని జారడం కంటికన్నా ముందు నడుముకి తెలుస్తుంది. తోక ఎటు జారితే స్టీరింగ్ అటే తిప్పాలి. చూపు మాత్రం టైరు మీద కాదు, మనం వెళ్లాల్సిన చోట ఉండాలి. తిప్పడం రెండు ఆదివారాల్లో వచ్చేసింది. తిప్పిన స్టీరింగ్‌ని సమయానికి వెనక్కి తేవడమే ఎంతకీ రాలేదు. కాస్త ఆలస్యమైతే బండి రెండో వైపుకి విసిరేస్తుంది.

అది వచ్చాక ఎస్.కోట దాటి, బొడ్డవర మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కడం వేరే అనుభవం. స్టీరింగ్ నిటారుగా ఉండగానే బ్రేకు. దాన్ని మెల్లగా వదులుతూ లోపలికి తిప్పడం. మధ్యలో కాలు ఆనీ ఆననట్టు. బయటికొచ్చేటప్పుడు స్టీరింగ్ ఎంత విప్పితే కాలు అంత నొక్కడం. అప్పుడు వెనక భాగం కాస్త కూర్చుంటుంది, నడుం కింద ఎవరో చెయ్యి పెట్టి ముందుకి తోసినట్టు ఉంటుంది. స్పీడు 40 దాటనక్కర్లేదు.

ఇక ఆ జులై సంగతి. వెనక టైర్లలో గాడి లోతు 2 మిల్లీమీటర్లకి వచ్చేసింది. చట్టం ప్రకారం 1.6 వరకు పర్వాలేదు. ముందు 225, వెనక 255 సైజు కాబట్టి ముందువి వెనక్కి మార్చే వీల్లేదు. కొత్తవి తెప్పించడానికి రెండు వారాలన్నారు. "ఇంకో ఆరు నెలలు ఢోకా లేదు సార్" అని టైర్ల షాపులో చెబితే సరే అనుకున్నాను.

అరకు నుంచి దిగుతున్నాను. వాన అప్పుడే ఆగింది, కాఫీ తోటల దగ్గర ఎర్రమట్టి రోడ్డు మీదికి కొట్టుకొచ్చింది. ఎడమ మలుపులో ఎదురుగా బస్సు కనిపించింది. టెన్షన్‌లో కాలు తీసేశాను. అదే పదేళ్ల అలవాటు. తోక కుడికి, బస్సు వైపుకి జారింది. డ్యాష్‌బోర్డు మీద ఆ జారుడు పట్టే కంప్యూటర్ పసుపు లైటు టకటకా కొట్టుకుంది, కానీ బండి తిరుగుతూనే ఉంది. చేతులు వాటంతటవే కుడికి తిప్పాయి, వెంటనే వెనక్కి తెచ్చాయి. ముందు ఎడమ చక్రం కొండ పక్క కాలువకి జానెడు దూరంలో ఆగింది. బస్సు డ్రైవరు దిగొచ్చి, నేను బాగానే ఉన్నానని చూసుకుని వెళ్లాడు. నా మోకాళ్లు చాలాసేపు వణికాయి.

మొదటి ఏడాది అందరికీ ఈ బండి దానంతటదే కాపాడుతుందని చెప్పేవాణ్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఆ కంప్యూటర్ చేసేది ఇంజిన్ తగ్గించి, ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేయడం. గాడి అరిగి నీళ్లు బయటికి పోని టైరుకి బ్రేకు వేస్తే ఏం పట్టుకుంటుంది? స్టీరింగే అంతా చెబుతుందని కూడా అనేవాణ్ని, ఆ మాటా కొంచెం మార్చుకుంటున్నాను. అది ఎలక్ట్రిక్, రోడ్డు సంగతి చేతులకి పెద్దగా చెప్పదు. చెప్పేదంతా సీటే.

కొనొచ్చా అని అడిగేవాళ్లకి నా పరిస్థితి చెబుతాను. ఇంట్లో స్విఫ్ట్ ఇంకా ఉంది, మిల్లు కళ్లం ఉంది, ఆదివారం పొద్దున్న ఖాళీ ఉంటుంది. రోజూ ఇదే బండి అయితే మన స్పీడ్ బ్రేకర్లకి అడుగు భాగం నిలవదు. ఉలవల నూర్పిడి రోజుల్లో ఊళ్ల దగ్గర రోడ్డు నిండా చెట్లు పరుస్తారు. వాటి మీద వెనక చక్రాలకి పట్టుండదు, ఎండిన కట్టె వేడి సైలెన్సర్‌కి చిక్కుకుంటుందని భయం. ఆ నెలల్లో నేనైతే బయటికి తీయను.

ఇప్పుడు వెనక టైర్లలో గాడి 4 మిల్లీమీటర్లుంది. 3కి రాగానే ఆర్డరు పెట్టేస్తాను, షాపులో ఏం చెప్పినా సరే.