మన రేటు మనమే టైప్ చేసుకోనిచ్చే టెండర్ షాపు

ఏలూరులో చిన్న చిన్న సీసీ రోడ్లు, డ్రెయిన్ల పనులు చేసుకునే కాంట్రాక్టర్‌ని. ఏడాదిన్నరగా నా ఆన్‌లైన్ టెండర్లన్నీ ఒకే షాపులో వేయిస్తున్నాను. మెట్లెక్కి పైకి వెళ్లాలి. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, గోడకి ఆనించి నాలుగు కుర్చీలు, అంతే.

అంతకుముందు వేరేచోట వేయించేవాణ్ని. ఒకసారి జీఎస్టీ సర్టిఫికెట్ స్కాన్‌లో నంబర్ ఉన్న అంచు తెగిపోయింది. అక్కడ ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. టెక్నికల్‌లోనే, అంటే కాగితాలు చూసే దశలోనే తీసేశారు. అందులో పాసైన వాళ్ల ప్రైస్ కవరే తెరుస్తారు కాబట్టి, నా రేటు ఎవరూ చూడనే లేదు. ఈ షాపు అబ్బాయి ప్రతి పేజీ పెద్దది చేసి చూపించాకే అప్‌లోడ్ చేస్తాడు. డిజిటల్ సిగ్నేచర్ గడువు తొమ్మిది రోజుల్లో అయిపోతోందని గుర్తుచేసిందీ అతనే.

అసలు ఈ రివ్యూ రాస్తున్నది మొన్నటి టెండర్ గురించి. ఎస్టిమేట్ 42 లక్షలు, ఈఎండీ, అంటే టెండర్‌తో పాటు కట్టే డిపాజిట్, ఒక శాతం లెక్కన 42 వేలు. మా దగ్గర ఎస్టిమేట్ మీద 5 శాతానికి మించి ఎక్సెస్ (ఎక్కువ రేటు) వేస్తే చెల్లదు. 25 శాతం దాటి లెస్ (తక్కువ రేటు) వేస్తే ఆ తేడాకి అదనంగా సెక్యూరిటీ కట్టాలి. ఈ మధ్యలో ఎక్కడ ఆగాలన్నదే మా టెన్షన్ అంతా. కంకర లీడ్ (తెచ్చే దూరం), సిమెంట్, కూలీ అన్నీ రెండు రాత్రులు లెక్కేసుకుని 12.36 శాతం లెస్ అనుకున్నాను.

ఆ రోజు నా పక్క కుర్చీల్లో ఇద్దరు కాంట్రాక్టర్లు ఉన్నారు. రేటు వేసే చోటికి రాగానే ఆ అబ్బాయి స్క్రీన్ గోడవైపు తిప్పి, కీబోర్డు నా ముందుకు జరిపాడు. "మీ రేటు మీరే కొట్టుకోండి బాబాయ్. లెస్ అని ఉందో ఎక్సెస్ అని ఉందో రెండుసార్లు చూసుకోండి" అని చెప్పి బయటికి వెళ్లాడు. నేను పిలిచాకే వచ్చాడు.

పని నాకు రాలేదు. 13.10 శాతం లెస్ వేసినాయన ఎల్1, అంటే అందరికంటే తక్కువ రేటు; నేను ఎల్2. సుమారు 31 వేల తేడా. ఆ ఎల్1 ఆ రోజు నా పక్కన కూర్చున్నాయనే అని ప్రైస్ బిడ్లు తెరిచాక తెలిసింది. వేరే షాపు అయితే నా రేటు బయటికి పొక్కిందనే అనుకునేవాణ్ని. ఇక్కడ ఆ ఆలోచనే రాలేదు. 2003లో మన రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ రాకముందు టెండర్ బాక్సు దగ్గరికే మనిషిని రానివ్వని రోజులు చూశాను. అందుకే నాకు ఇది చాలా పెద్ద విషయం.

ఒక్క ఇబ్బంది ఉంది. ఒకటే స్కానర్ కావడంతో ఆఖరి రోజు మధ్యాహ్నం వెళ్తే గంటన్నర కూర్చోవాలి. ముందురోజు సాయంత్రం వెళ్లండి, షాపు ఖాళీగా ఉంటుంది. ఒరిజినల్స్ అన్నీ తీసుకెళ్లండి, జిరాక్సుల్ని స్కాన్ చేయడు.